పులితోకతో చూసిన ఆయిలు

“అవును, కాదు. ఈ రెండు ముక్కలే నీ నోట్లోనుంచి రావాల. మూడో ముక్క వచ్చిందో, మన కొంప మునిగినట్లే,” అన్నాడు నతానియేలు. గిద్దలూరు కనుచూపు మేరలోకి వచ్చేసరికి ఆ మాట ఎన్నోసారి చెప్పాడో అతనికే గుర్తు లేదు.

“అట్లనే బావా,” అన్నాడు ఏబేలు బుద్ధిగా.

ఆ బుద్ధిని చూసే నతానియేలుకు భయం వేసింది. చెల్లెలి మొగుడి సంగతి అతనికి తెలియంది కాదు. ఏబేలు చెడ్డవాడు కాదు, తాగుబోతు కాదు, సోమరి అంతకన్నా కాదు. ఉన్నదల్లా ఒకటే జబ్బు. నలుగురు మనుషులు కనపడితే నోరు ఊరుకోదు. ఊళ్ళో ఎవరి గొర్రె అయినా తప్పిపోతే, ఏబేలు దాన్ని వెతికి తెచ్చానని చెప్పి ఊరుకోడు. తోడేలు కడుపులోనుంచి ప్రాణంతో లాక్కొచ్చానంటాడు. పిల్లలు నవ్వుతారు, పెద్దలూ నవ్వుతారు. అట్లా నవ్వినవాళ్ళెవరూ మరునాడు అతన్ని పనికి పిలవరు.

నతానియేలు అందుకు పూర్తిగా ఎదురు. పాక కప్పులు నేసుకుని బతికే మనిషి, ఒక మాట అన్నాడంటే అది రాతి మీద గీత. బైబిల్లో నతానియేలు లాగే, పేరుకు తగ్గట్టు కపటం లేనివాడని మిషను పాస్టరుగారు చర్చిలో అందరి ముందూ అనేవారు. అటువంటివాడు ఈ కోతలరాయుణ్ణి వెంటబెట్టుకుని తెల్లవారక ముందే కొమరోలు దారిన నడుచుకుంటూ వచ్చాడంటే, అది చెల్లెలి మొహం చూసి.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. చేలల్లో కూలి లేదు. చెల్లెలు సుశీలమ్మ ఇక లాభం లేదనుకుని, పక్కింటి ఆడవాళ్ళతో కలిసి మార్కాపురం పలకల గనిలో రాళ్ళు మోయడానికి పోతానంది. సోమవారం బండి బయలుదేరుతుంది. వాళ్ళమ్మ పోయింది ఆ గని దుమ్ముకే. చివరి రోజుల్లో ఆమె దగ్గుతుంటే పక్కగుడిసె వాళ్ళు కూడా లేచి కూర్చునేవాళ్ళు. పోయిన చలికాలం నుంచి సుశీలమ్మకూ దగ్గు పట్టుకుంది. గనిలో అడుగుపెడితే ఆమె తిరిగి రాదని నతానియేలు గట్టిగా నమ్మాడు. ఆ నమ్మకం అతన్ని రాత్రిళ్ళు నిద్రపోనివ్వలేదు.

దారి ఒక్కటే కనపడింది. గిద్దలూరు రామసుబ్బయ్య బస్సు తోలే దస్తగిరికి కళ్ళు మసకబారుతున్నాయి. కొత్త డ్రైవరు కావాలి. ఏబేలు అడవిశాఖ దొర దగ్గర సామాన్ల లారీ తోలినవాడు, లైసెన్సు ఉన్నవాడు. తోలడంలో అతనికి వంక పెట్టలేం. దస్తగిరి కొట్టానికి కప్పు వేసిన చనువుతో నతానియేలు కాళ్ళావేళ్ళా పడ్డాడు. దస్తగిరి మంచివాడు, ఒక రహస్యం కూడా చెప్పి పంపాడు. “మధ్యలో పెట్టుకున్న డ్రైవరు ఆయిలు సరిగ్గా చూడక ఇంజను పట్టేసింది. అప్పటినుంచి మా రామసుబ్బయ్య అయ్యకు ఆయిలు తప్ప ఇంకో ధ్యాస లేదు. ఆ ఒక్కటి అడుగుతాము. సరిగ్గా చెప్తే బస్సు వానిదే.”

అందుకే దారిపొడుగునా పాఠం.

“బస్సుకు ఆయిలు ఎట్ల చూడాల? మళ్ళొకసారి చెప్పు.”

“ఇంజను ఆపాల. పైకి పోయిన ఆయిలంతా కింద తొట్టిలోకి దిగిందాకా ఉండాల. ఆయిలు కొలిచే పుల్ల పీకి, గుడ్డతో తుడిచి, మళ్ళ ముంచి, రెండు గీతల నడుమ ఉందో లేదో చూడాల. తక్కువుంటే కొంచెం కొంచెం పోసుకుంటా చూడాల.”

“భేష్. అంతే. అంతకుమించి ఒక్క అక్షరం వద్దు.”

“దొర కారుకు మాత్రం ఇట్ల గాదు బావా...”

“దొర కారు ఎత్తొద్దంటి గదా!”

“నీకు చెప్తే ఏమాయె? అది పందేల కారు. దానికి కింద తొట్టి ఎండిపోయి ఉంటాది. ఆయిలుండేది పక్కన వేరే డబ్బాలో. ఒక పంపు డబ్బాలోనుంచి ఇంజనుకు తోడి పోస్తాది, ఇంకొక పంపు కిందికి కారినదాన్ని మళ్ళ డబ్బాలోకి లాగుతాది. రాత్రంతా నిలబెట్టినామనుకో, డబ్బాలోది మెల్లగా కిందికి దిగిపోతాది. పొద్దున పుల్ల పెట్టి చూస్తే పొడిగా వస్తాది. అయ్యో లేదే అని పోసినామా, ఇంజను తిరగ్గానే కిందున్నది గూడా పైకొచ్చి డబ్బా పొంగి పొర్లుతాది. అందుకని ఆ కారుకు ఇంజను తిరగతా ఉండాల, ఆయిలు బాగా కాగి ఉండాల, అప్పుడే చూడాల. బస్సుకు ఎట్లనో దానికి సరిగ్గా తలకిందులు.”

నతానియేలు నడక ఆపి అతని మొహంలోకి చూశాడు. ఏబేలు నోట ఒక పులి గానీ దయ్యం గానీ లేకుండా అన్ని మాటలు రావడం వినడం అదే మొదలు. అదంతా నిజమని అతనికి తెలుసు. దిగువమెట్టలో దొర బంగళా కప్పు పనికి పోయినప్పుడు కళ్ళారా చూశాడు. ఆ చిన్న పచ్చ కారు ఇంజను దడదడలాడుతుంటే ఏబేలు డబ్బా మీదికి వంగి పుల్ల చూసి ఒక మాట చెప్పాడు. దొర మళ్ళీ చూసుకోలేదు. సరేనని కారెక్కి పోయాడు. ఏబేలు మాటను ఒక మనిషి నమ్మడం నతానియేలు చూసింది ఆ ఒక్కసారే. ఆ దొర ఇప్పుడు లేడు. కారుతో సహా ఓడెక్కి వాళ్ళ దేశం పోయాడు.

“తెలుసులే. ఆ సంగతి మాత్రం అక్కడ ఎత్తొద్దు,” అన్నాడు నతానియేలు, ఈసారి కొంచెం మెత్తగా.

బస్సు ఆగేచోట ఓబులమ్మ కాఫీ దుకాణం. తాటాకు పందిరి కింద ఒక పొడుగాటి బల్ల, బల్ల మీద ఊరి రైతులు. పశువుల బేరగాడు తిరుపాలు ఒక కొసన, బస్సు యజమాని రామసుబ్బయ్య మధ్యన, పక్కనే గుంజకు ఆనుకుని దస్తగిరి. నతానియేలు, ఏబేలు పందిరి బయట ఎండలో గొంతుకూర్చున్నారు. వాళ్ళలాంటివాళ్ళ కోసం విడిగా గుంజకు తగిలించిన గ్లాసులు దించి, కడుక్కుని, పట్టుకున్నారు. ఓబులమ్మ తగలకుండా పైనుంచి కాఫీ పోసింది. అది అక్కడ రోజూ ఉండే వ్యవహారమే కాబట్టి ఎవరూ ఏమీ అనుకోలేదు. ఏబేలు మాత్రం బల్ల వైపు ఒకసారి చూసి తల వంచుకున్నాడు.

“నువ్వేనా ఏబేలువి?” అన్నాడు రామసుబ్బయ్య.

“అవునయ్యా.”

“ముందు ఏదన్నా బస్సు తోలినావా?”

“కాదయ్యా.”

లేదనాల్సిన చోట కాదన్నాడు. అయినా నతానియేలుకు ప్రాణం లేచొచ్చింది.

“దొర దగ్గర లారీ తోలినావంట. దొరకు సొంతంగా ఏదో ఉరికే కారు గూడా ఉండేదంటనే? ఏం కారురా అది?”

దీనికి అవును అనడానికి లేదు, కాదు అనడానికీ లేదు. ఏబేలు బావ వైపు దీనంగా చూశాడు. నతానియేలు కళ్ళు మూసుకున్నాడు.

“పచ్చ కారయ్యా,” అన్నాడు ఏబేలు. గొంతు సవరించుకున్నాడు. “కారంటే కారు గాదులేయ్యా. దాని ఆయిలు చూసే హక్కు ఈ మొత్తం జిల్లాలో నా ఒక్కనికే ఉండె.”

“అదేందిరా, ఆయిలు చూసేదానికి హక్కు ఏంది?” అన్నాడు తిరుపాలు.

“అట్ల అడుగు తిరుపాలన్నా! ఒకరోజు పొద్దున్నే దొర కంభం పోవాలని తయారైనాడు. బట్లరు పోయి ఆయిలు డబ్బా మూత తీసి పుల్ల పెట్టి చూసినాడు. పొడి. దొరా, ఆయిలు సుక్క లేదని అరిచి, కొత్త టిన్ను పగలగొట్టి పోయబోయినాడు. నేను లారీ తుడస్తా ఉండేవాణ్ణి, ఆడనుంచే ఆగు అన్నా. ముందు ఇంజను తిప్పు, కాగనీ, అప్పుడు చూడు అన్నా. తిప్పినారు. కాగినాక పుల్ల పెడితే, నిండు గీత కాడ నవ్వతా ఉంది ఆయిలు. దొర నన్ను చూసి, ఇకమీద ఈ కారు మూత ఏబేలు తప్ప ఎవరూ ముట్టగూడదన్నాడు.”

ఇంతవరకూ నిజం. ఇక్కడ ఆపితే చాలు, ప్రభువా, ఇక్కడ ఆపించు అనుకున్నాడు నతానియేలు. కానీ బల్ల మీద ఉన్నవాళ్ళు కొంచెం ముందుకు వంగారు. ఏబేలు ఆ వంగడం చూశాడు. అంతే, వానకు మొహం వాచిన చేను లాంటివాడికి చినుకు తగిలింది.

“ఆ తర్వాత ఏమైందో తెలుసునా? దొర ఊరుకోకుండా నంద్యాల నుంచి వచ్చే రైలు గార్డుతో పందెం కాసినాడు. కంభానికి నువ్వు ముందా నేను ముందా అని. రైలు దిగువమెట్ట స్టేషన్లో కూత పెట్టింది, మేము బంగళా కాడ హారను కొట్టినాము, బయల్దేరినాము. కారుకు రెండే సీట్లు, ఒకటి దొరది, రెండోది నాది. ఎంత జోరుగా పోతా ఉన్నామంటే నా తలగుడ్డ గాలికి లేచిపోయి యాడనో దూరాన వెలిగండ్లలో పడింది. ఆడ ఎవరో ఇప్పటికీ చుట్టుకుంటా ఉన్నారంట. అడవి దాటకముందే దొర, ఏబేలూ ఆయిలు చూడు అన్నాడు. ఆపితే రైలు ముందుకు పోతాది. ఆపినా ఆయిలు కిందికి దిగి లెక్క తప్పుతాది. మరి ఏం జెయ్యాల?”

“ఏం జేసినావు?” అన్నాడు రామసుబ్బయ్య. కాఫీ గ్లాసు అతని చేతిలోనే చల్లారిపోతోంది.

“తలుపు తీసి ముందరి రేకు మీదికి పాకినా. ఒక చేత్తో కారు ముందరి దీపం పట్టుకున్నా, ఒక చేత్తో మూత తీసినా, పళ్ళతో పుల్ల పట్టుకున్నా. రాయి తగిలి కారు ఎగిరింది, పుల్ల జారి పాయె!”

“అయ్యో,” అంది ఓబులమ్మ.

“అయ్యో అంటే ఎట్లమ్మా, అసలుది ముందుంది. అప్పుడే పొదలోనుంచి పెద్దపులి దూకింది.”

నతానియేలు నేల వైపు చూశాడు. వచ్చింది పులి. ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని తెలుసు. అతనికి పులి గాండ్రింపు బదులు చెల్లెలి దగ్గు వినపడింది. కాలితో ఏబేలు కాలును తొక్కాడు. ఏబేలు కాలు లాక్కుని ఇంకొంచెం పందిరి వైపు జరిగాడు.

“మీద పడిందా?” అన్నాడు తిరుపాలు.

“మీద ఎందుకు పడతాది? నా సీటు ఖాళీగా ఉంది గదా, వచ్చి దాంట్లో కూర్చుంది, దొర పక్కన. దొర రోడ్డు మీదనుంచి కన్ను తీస్తే గదా! నేననుకొని ఆయిలు ఎంతుందని దాన్నే అడిగినాడు. అది జవాబు చెప్పలే. దానికి ఇంగ్లీషు రాదు.”

బల్ల కదిలిపోయేటట్టు నవ్వారు. ఊరి వాగు అవతల గొడ్లు కాసుకునేవాళ్ళు కూడా వచ్చి నిలబడ్డారు.

“నవ్వినాక వినండి. దాని తోక రేకు మీదికి వచ్చి నా మొహం ముందర ఆడతా ఉంది. చూస్తే ఏముంది, చారలు! ఆయిలు పుల్లకు గీతలు రెండే, దీనికి మొదలునుంచి కొసదాకా గీతలే. దేవుడు ఆయిలు చూసేదానికే చేసినట్లుంది. పట్టుకున్నా. పంచె కొసతో శుభ్రంగా తుడిచినా. తుడవకుండా ముంచితే పాపం, అది మాత్రం ఎవరూ మరిచిపోగూడదు. ముంచినా డబ్బాలో.”

“పులి ఊరుకుందారా?”

“కాగిన ఆయిలు గదన్నా, ముందు కొంచెం ఎగిరిపడింది. తర్వాత వెచ్చగా హాయిగా ఉందని కళ్ళు మూసుకుంది. తీసి చూస్తే రెండు చారలు తక్కువ! ఏం జెయ్యాల? చేతిలో టిన్ను లేదు. అంతలో గిద్దలూరు దాటి ఆముదపు చేలల్లో పడినాము. మా కారు వేడికి కాయలు చెట్టుమీదనే పగిలి, గింజలు గానుగలో ఆడినట్లు నలిగి, ఆముదం జల్లు పడతా ఉంది. మూత తెరిచి పట్టుకున్నా.”

“మోటారుకు ఆముదమా? ఇది మాత్రం మరీ అన్యాయం,” అన్నాడు తిరుపాలు.

“అడుగు దస్తగిరి మామను!”

దస్తగిరి మసక కళ్ళు ఎత్తాడు. “పందేల కార్లకు అదే వాడతారని నేను గూడా విన్నా,” అన్నాడు మెల్లగా. ఆ తర్వాత అతను ఏబేలు మొహం మీదనుంచి చూపు తిప్పలేదు.

“విన్నారా! కానీ జల్లు ఎక్కువై చారలు మించి పాయె. ఆయిలు తక్కువైతే ఒక ముప్పు, ఎక్కువైతే ఇంకొక ముప్పు. కొలత మించినది తోడెయ్యాల. పులితోక ముంచేది, బయట పిండేది, ముంచేది, పిండేది. పిండిన ఆముదం దారిపొడుగునా పారి కంభం చెరువులో కలిసి తెట్టు కట్టింది. మేము కట్ట మీద పోతా ఉంటే ఆ సెగకు చెరువు చెరువంతా కాగి, చేపలు వేగి ఒడ్డున పడినాయి. తిన్నోళ్ళు తిన్నారు. ఆముదంలో వేగిన చేపలు గదా, తిన్నోళ్ళంతా తెల్లారేదాకా తుమ్మచెట్ల చాటునే ఉన్నారు.”

ఓబులమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రామసుబ్బయ్య పొట్ట పట్టుకున్నాడు.

“రైలు ఏమైందిరా, రైలు?”

“యాడుందయ్యా రైలు! కంభం స్టేషన్లో కూత గూడా వినపడలే. దొర వెనక్కి తిప్పినాడు. ఇంకా జోరుగా. బంగళా కాడికి వచ్చేతలికి ఏమైందో తెలుసునా? మేము పోయి వచ్చిన జోరుకు, ఇంకా బయల్దేరనే లేదు! పొద్దు అప్పుడే పొడస్తా ఉంది. బట్లరు కొత్త టిన్ను పగలగొట్టి డబ్బాలో పోయబోతా ఉన్నాడు. కారులోనుంచే అరిచినా, ఆగు అని!”

నవ్వులతో పందిరి తాటాకులు రాలతాయేమో అనిపించింది. రామసుబ్బయ్య తుండుగుడ్డతో కళ్ళు తుడుచుకున్నాడు. ఓబులమ్మ అడక్కుండానే ఏబేలు గ్లాసులో ఇంకోసారి కాఫీ పోసింది. తిరుపాలు బల్ల మీద కొంచెం జరిగాడు కూడా. అది కూర్చోమని కాదు, నవ్వలేక జరిగాడు. కానీ ఏబేలు ఆ ఖాళీని చూసిన చూపు నతానియేలు గుండెలో గుచ్చుకుంది. వీడు అబద్ధాలు ఎందుకు ఆడతాడో ఇన్నేళ్ళకు అర్థమైంది. మామూలు మాట చెప్పినప్పుడు వీడి వైపు ఎవరూ తిరిగి చూడలేదు. పులి వస్తేనే చూస్తారు.

“అబ్బ, ఏం కోతలు కోసినావురా! నువ్వు బస్సు తోలితే నీ మాటలు వినేదానికే జనం ఎక్కేట్లున్నారు,” అన్నాడు రామసుబ్బయ్య. ఆ గొంతులో కోపం లేదు. నతానియేలు ఎండిన ప్రాణంలో ఆశ పుట్టింది. దేవుడు గాడిద నోటితో కూడా మేలు చేయించగలడు, ఏమో అనుకున్నాడు.

దస్తగిరి గుంజ దగ్గరనుంచి కదిలి ముందుకు వచ్చాడు.

“నాయనా ఏబేలూ, దొర కారు సంగతి విన్నాము. నా బస్సు సంగతి చెప్పు. తెల్లవారి నువ్వొచ్చి బస్సు కాడ నిలబడినావు. ఆయిలు ఎట్ల చూస్తావు?”

అందరూ ఏబేలునే చూస్తున్నారు. నతానియేలు పెదవులతో, శబ్దం రాకుండా, ఆపి, ఇంజను ఆపి, అని చెప్పాడు. ఏబేలు అతన్ని చూశాడు. చూసి, బల్ల మీద వంగి ఉన్నవాళ్ళ మొహాలు చూశాడు. అన్ని మొహాలూ ఇంకో పులి కోసం నోరు తెరుచుకుని ఉన్నాయి. అక్కడ ఇంజను ఆపి, గుడ్డతో తుడిచి అని చెప్తే ఆ మొహాలన్నీ వెనక్కి పోతాయి.

“ఆపి చూసేది చేతగానోళ్ళు మామా!” అన్నాడు ఏబేలు, లేచి నిలబడి. “ఏబేలు ఆయిలు చూడాలంటే ఇంజను ఉరకాల! నీ బస్సుకైనా అంతే, లాటుసాయిబు బస్సుకైనా అంతే!”

మళ్ళీ నవ్వు లేచింది. దస్తగిరి నవ్వలేదు. రామసుబ్బయ్య తుండుగుడ్డ దించి దస్తగిరిని చూశాడు, నవ్వు ఆగిపోయింది.

“ఇంజను ఉరకతా ఉంటే నా బస్సులో ఆయిలంతా పైనుంటాది. పుల్లకు తక్కువ చూపిస్తాది,” అన్నాడు దస్తగిరి. కోప్పడుతున్నట్టు లేదు, కీడు కబురు చెప్తున్నట్టుంది. “తక్కువుందని నువ్వు పోస్తావు. రేపు మళ్ళ చూసి మళ్ళ పోస్తావు. పొగ చిమ్మి, ప్లగ్గులు తడిసి, వాగు ఎక్కుడులో జనంతో సహా బండి ఆగి వెనక్కి జారుతాది. పులితోకతో చూసినా నాకేం అభ్యంతరం లేదప్పా. ఆపి చూస్తాననింటే బస్సు నీదే.”

ఏబేలు పందిరి అంచుదాకా వచ్చాడు.

“మామా, తెలుసు మామా. ఆపే చూడాల. ఆయిలు దిగినాక, పుల్ల తుడిచి, రెండు గీతల నడుమ... దారిలో గూడా చెప్పినా, మా బావను అడుగు...”

“నిజమేనయ్యా, వానికి తెలుసు,” అన్నాడు నతానియేలు. లేచి, చేతులు జోడించాడు. “దొర కారుకు ఉరకతా ఉంటేనే చూడాల, అది గూడా నిజమే. నేను కళ్ళారా చూసినా.”

“పులిని గూడా చూసినావా నతానియేలూ?” అన్నాడు రామసుబ్బయ్య. వెటకారం కాదు, అలసటగా అడిగాడు. “ఇందాక అంతసేపు చెప్పినాడు. ఇప్పుడు ఇది చెప్తాన్నాడు. దీంట్లో ఏది పట్టుకొని నేను జనాన్ని ఎక్కించుకోవాల? పోండి నాయనా. ఎండ ముదరతా ఉంది.”

బల్ల మీదివాళ్ళు వెనక్కి వాలారు. తిరుపాలు మళ్ళీ తన చోటికి జరిగాడు. ఓబులమ్మ గుంజ వైపు చేయి చూపింది, గ్లాసులు కడిగి తగిలించమని.

తిరుగుదారిలో ఏబేలు ముందు, నతానియేలు వెనక నడిచారు. నతానియేలుకు కోపం కొండంత ఉంది. ఆ నోటిని పట్టుకుని నేలకేసి రాయాలనిపించింది. రెండుమూడుసార్లు తిట్టడానికి నోరు తెరిచాడు కూడా. ప్రతిసారీ ఏబేలు తల వంచుకుని నడుస్తున్నాడు, బావ అరువిచ్చిన చర్చి చొక్కా చెమటకు వీపుకు అతుక్కుని. ఆ వీపును ఏం తిడతాడు. ఎండిన ఆముదపు మోళ్ళ మధ్య ఒకచోట ఏబేలు ఎవరితోనూ కాకుండా అన్నాడు:

“ఇంజను ఆపాల. ఆయిలు కిందికి దిగిందాకా ఉండాల.”

నతానియేలు వినపడనట్టు నడిచాడు. పల్లె దగ్గరపడేకొద్దీ అతనికి ఇంకో దిగులు పట్టుకుంది. సుశీలకు ఏం చెప్పాలి? ఉన్నది చెప్తే ఆమె సోమవారం బండికే గనికి మూట కడుతుంది. ఏదో ఒకటి చెప్పి నాలుగు రోజులు ఆపగలిగితే, ఈలోగా చినుకు పడకపోతుందా, ఎక్కడైనా కూలి పుట్టకపోతుందా. పుట్టి బుద్ధెరిగాక అతను ఇట్లాంటి ఆలోచన చేయలేదు. సిగ్గుగా ఉంది. అయినా చేశాడు.

పొద్దు వాలుతుండగా ఇల్లు చేరారు. సుశీలమ్మ వాకిట్లో కూర్చుని పాతచీర పీలికలతో చుట్టకుదురు చుడుతోంది. తలమీద గంప ఆనడానికి. పక్కన అరువు తెచ్చుకున్న గంప బోర్లించి ఉంది. ఏబేలు ఆమెను చూసి, గంపను చూసి, ఇంటి వెనక్కి వెళ్ళిపోయాడు.

“ఏమాయె అన్నా?” అంది ఆమె.

“ఏం గాలేదు సుశీలా, అంతా మంచే,” అన్నాడు నతానియేలు. “రామసుబ్బయ్య బాగా మాట్లాడినాడు. బస్సుకు ఏదో చిన్న మరమ్మత్తు ఉందంట. వానలు పడినాక రమ్మన్నాడు.”

ఆమె చుట్టకుదురు చుట్టడం ఆపలేదు. అతనికి కంగారు పుట్టి ఇంకో మాట తోచింది.

“దస్తగిరి అయితే... దొర కారు తోలినోడు మనకు దొరకడం మన భాగ్యం అన్నాడు. ఖాకీ బట్టలు గూడా కుట్టిస్తారంట. బస్సు ఎక్కినోళ్ళంతా మనవాణ్ణి డ్రైవరుగారూ అని పిలవాలంట. వచ్చేటప్పుడు రామసుబ్బయ్య లేచొచ్చి, బల్ల మీద తన పక్కనే కూర్చోమని...”

సుశీలమ్మ దగ్గింది. దగ్గు తగ్గేదాకా గంప మీద చేయి ఆనించి కూర్చుంది. తర్వాత తలెత్తి అన్న మొహంలోకి చూసింది. ఆ కళ్ళల్లో కోపం లేదు, జాలి ఉంది.

“చాలులే అన్నా, నీకు రాని పని ఎందుకు?” అంది. “ఆ ఉద్యోగమే వచ్చింటే, పొద్దు వాలకముందే ఊరి బయటనుంచి ఆయన గొంతు వినపడేది.”